గాజుబింబం చల్లారేలోగా

సికతాపుర యువరాజు కేతుమంతుడు ఎక్కడున్నాడని ఆ ఉదయం రాజ్యంలో ఎవరిని అడిగినా, వేటకు వెళ్లాడనే చెప్పేవారు. నిజానికి ఆయనగారు గోచీ బిగించి, ఒళ్లంతా సున్నం పులుముకుని, సముద్రం ఒడ్డున గాజుబట్టీ ముందు గొంతుక్కూర్చుని చీవాట్లు తింటున్నాడు.

“ఒరే రంగా! అది గాజనుకున్నావా, బెల్లం దిమ్మనుకున్నావా? అలా చితక్కొడితే పిండైపోతుంది. పిండి కరిగితే లోపలంతా బుడగలే. మీ అక్క మొహం నిండా బుడగలుంటే చూసినవాళ్లు మశూచి పోసిందనుకుంటారు!”

తిట్టినామె సానమ్మ. సికతాపుర రాజులకు తరతరాలుగా గాజుబింబాలు పోతపోసే వంశంలో ఆఖరి మనిషి. రంగడనే పేరుతో కూలివాడి వేషంలో తన దగ్గర ఉన్నది యువరాజని ఆమెకు తెలుసు. తెలిసినందువల్ల తిట్లు తగ్గలేదు సరికదా, కాస్త పెరిగాయి.

“గోరంత పెళ్లలు చెయ్యాలా, చింతపిక్కంత చెయ్యాలా? నిన్న ఒకటి చెప్పావు, ఇవాళ ఒకటి చెబుతున్నావు అవ్వా,” అన్నాడు కేతుమంతుడు.

“నిన్న చెప్పింది ముక్కుకి. ఇవాళ చెప్పేది చెంపకి.”

కేతుమంతుడికి అర్థం కాలేదు. ఆ బట్టీలో అడుగుపెట్టినప్పటి నుంచి అతనికి ఏదీ అర్థం కావడం లేదు. అయినా అక్కడినుంచి కదలడానికి వీల్లేదు, ఎందుకంటే అక్క ప్రాణమూ వంశపు సింహాసనమూ రెండూ ఆ బట్టీ మీదే ఆధారపడి ఉన్నాయి.

సికతాపురంలో ఒక వింత ఆచారం ఉంది. రాజ్యం ఏలబోయే మనిషి ముఖాన్ని ముందుగా గాజులో పోతపోయాలి. ముఖం అచ్చు తీసిన క్షణం నుంచి బింబం బయటికి వచ్చేదాకా ఆ మనిషి ముసుగు వేసుకుని కొండగుహలో ఉండాలి. ఎవరికీ ముఖం చూపకూడదు. బింబం నిండుగా వస్తే, ముసుగు తీసి దాని పక్కన నిలబెట్టి, రెండూ ఒకటేనని ప్రజలు ఒప్పుకున్నాక కిరీటం పెడతారు. బింబం పగిలిందా, ఆ వంశానికి ఇక సింహాసనం లేదు. ముసలి మహారాజు పోయాక పట్టం కేతుమంతుడి అక్క తారావళికి రావాలి. ఆమె ముఖం అచ్చు ఇచ్చి గుహలోకి వెళ్లిపోయింది.

సరిగ్గా అప్పుడే ఆ తీరానికి ధూమకంఠుడు వచ్చాడు. తాటిచెట్టంత మనిషి. గడ్డం బూడిదరంగు మేఘంలా నాభిదాకా వేలాడుతుంది. మాట్లాడినప్పుడల్లా ముక్కురంధ్రాల నుంచి పచ్చని పొగ వస్తుంది. మెడలో పాము కుబుసాల దండ, వేళ్లకు గబ్బిలాల గోళ్లు. చూసిన ముఖాన్నల్లా తన ముఖంగా మార్చుకోగల మాంత్రికుడు. అయితే చూడని ముఖాన్ని మాత్రం వేసుకోలేడు. అందుకే తారావళి గుహ చుట్టూ కత్తులు దూసిన కావలి పెట్టారు. అందుకే అచ్చూ బింబమూ వాడి కంటపడకుండా కాయడానికి బట్టీ దగ్గర యువరాజు రంగడై కూర్చున్నాడు.

సానమ్మ పని చూస్తే మాంత్రికుడి విద్య కూడా తేలికేమో అనిపించేది కేతుమంతుడికి. ముందు ఆమె తారావళి ముఖానికి సున్నపు ముద్ద పట్టించి అచ్చు తీసింది. ఆ అచ్చులో మైనం పోసి ముఖం చేసింది. చూస్తే అచ్చం అక్కే. అంత బాగా వచ్చిన ముఖాన్ని ముసలిది కాల్చిన ఇనపపుల్ల పట్టుకుని చెక్కడం మొదలుపెట్టింది.

“బాగానే ఉంది కదా అవ్వా, మళ్లీ ఎందుకు చెడగొడతావు?”

“ఇది బాగుండటమేమిటి? సున్నం కింద ఊపిరి బిగబట్టుకున్న మొహం ఇది. శవం మొహం. మీ అక్క ఎవరి మీదైనా విసుక్కునే ముందు పెదవి ఎలా పెడుతుంది? అది రావాలి.”

ఆ పెదవి కోసం ఆమె చెక్కింది, కరిగించింది, మళ్లీ అతికింది, కోపమొచ్చి విసిరేసింది, ఏడ్చింది, మళ్లీ తెచ్చుకుంది. ఒక పూట అన్నం తింటూ తింటూ లేచి ఎంగిలిచేత్తోనే పెదవి కొనను నొక్కింది. అంతే, అక్క విసుక్కోబోతున్నట్టు కనిపించింది. కేతుమంతుడు అప్రయత్నంగా “నేనేం చేశానక్కా?” అన్నాడు. సానమ్మ విరగబడి నవ్వింది.

ఆ తర్వాత ఆ మైనపు ముఖం చుట్టూ ఇసుకా సున్నమూ కలిపిన ముద్దను మందంగా పూసి, విడిపోకుండా ఇనపతీగ చుట్టి, ఆరబెట్టి, ఆవిరి పట్టింది. లోపలి మైనమంతా కరిగి కారిపోయింది. మిగిలింది బోలు మూస. బయటికి మొద్దు మట్టిగడ్డ, లోపల తారావళి ముఖమంత ఖాళీ. ఆ ఖాళీలో గాజు నింపి కరిగిస్తే బింబం.

ఆ ఉదయం గాజు పెళ్లలు నింపడానికి సానమ్మ మూసను వెల్లకిలా పెట్టింది. కేతుమంతుడు లోపలికి తొంగిచూసి కెవ్వున కేకవేశాడు.

మూసలో పల్లం లేదు. తారావళి ముఖం నిండుగా, ఉబ్బుగా, అతనివైపే చూస్తోంది. అతను ఎడమకు జరిగాడు, ముఖం ఎడమకు తిరిగింది. కుడికి జరిగాడు, కుడికి తిరిగింది. కూర్చుంటే కిందికి చూసింది, లేస్తే పైకి చూసింది. ధూమకంఠుడే మూసలో దూరాడనుకుని అతను గోచీలోంచి బాకు దూసి ఎత్తాడు.

సానమ్మ పట్టుకారుతో అతని మోచేతి మీద ఒక్కటిచ్చింది. బాకు ఎగిరి ఇసుకలో పడింది.

“ఒరే తిక్క యువరాజా! వేలు పెట్టి చూడు!”

భయపడుతూ వేలు పెట్టాడు. ముక్కు ఉండాల్సిన చోట ముక్కు లేదు. వేలు లోతుగా దిగిపోయింది. వేలికి పల్లం తగులుతోంది, కంటికి మిట్ట కనిపిస్తోంది.

“మనిషి మొహం లోపలికి పోయి ఉంటుందంటే కన్ను ఒప్పుకోదురా. తనే దాన్ని బయటికి లాగి చూసుకుంటుంది,” అంది సానమ్మ. “అందుకే నువ్వెటు జరిగితే అటు తిరిగినట్టుంటుంది. మా వంశంలో పిల్లలు ఉయ్యాల్లోనే దీన్ని చూసి ఏడుస్తారు. నీకు మీసాలొచ్చాక దొరికింది, అంతే.”

వాళ్లలా మాట్లాడుకుంటుండగా మూస మీద సన్నగా పచ్చని పొగ ఒకటి తచ్చాడింది. అది మూసలోకి వంగినట్టు వంగి, కాసేపు నిలిచి, పొగగొట్టంలోంచి వెళ్లిపోయింది. బట్టీ పొగే అనుకున్నాడు కేతుమంతుడు. బట్టీ ఇంకా వెలిగించనే లేదన్న సంగతి అతనికి తట్టలేదు.

మూస నిండింది. బట్టీ అంటించారు. సముద్రపు నీరులాంటి ఆకుపచ్చ గాజు ముందు చెమర్చింది, తర్వాత మూలలు కోల్పోయింది, ఆ తర్వాత పాకంలా సాగి, ఎర్రగా, నారింజరంగుగా, చూపు నిలవనంత తెల్లగా మెరుస్తూ మూసలోకి దిగింది. ముక్కు దగ్గర మందం ఎక్కువ కాబట్టి రంగు చిక్కబడుతుందనీ, కనురెప్పల దగ్గర పలచబడి వెన్నెలలా ఉంటుందనీ సానమ్మ కళ్లు మూసుకుని చెబుతూంటే అతను నోరు తెరుచుకుని విన్నాడు. గాజు కుంగినకొద్దీ బట్టీ పై రంధ్రంలోంచి మరిన్ని పెళ్లలు జారవిడిచారు. చివరికి ఆమె బట్టీ నోటికి తడిమట్టి మెత్తి మూసేసింది.

“ఇక దీన్ని ముట్టుకోకూడదు. తనంతట తనే చల్లారాలి. గాజుకి పైన చల్లబడినా లోపల కోపం ఉంటుంది. తొందరపెడితే నిలువునా చీలుతుంది.”

బట్టీ ఇంకా వేడిగానే ఉంది, గోడ మీద చెయ్యి ఆనించి ఉంచలేనంత వేడి, అటువంటి ఒక మధ్యాహ్నం పూట ఒడ్డుకు రాజనౌక వచ్చి ఆగింది. దానిలోంచి దండనాయకుడు చండవిక్రముడు దిగాడు. చేతిలో యుద్ధపు గొడ్డలి. మంచివాడే, కానీ ఓపిక అనే వస్తువును ఎప్పుడూ దగ్గర ఉంచుకోని మనిషి. అతని వెనకే పట్టుచీరలో, ముఖం మీద ముసుగు లేకుండా తారావళి దిగింది.

“తమ్ముడూ!” అంది ఆమె. “గుహ మీద మాంత్రికుడు దాడి చేశాడు. తప్పించుకుని వచ్చాను. ఇక ఆలస్యం చేస్తే రాజ్యం వాడి పాలవుతుంది. బింబం తీయించు, ఇప్పుడే పట్టం కట్టించు.”

వేషం సంగతి మరిచిపోయి కేతుమంతుడు అక్క దగ్గరికి పరుగెత్తాడు. సగం దారిలో ఉండగా సముద్రంలోంచి మరో కేక వినిపించింది.

“ఒరే కేతూ! ఆగరా!”

నాచూ ఉప్పునీరూ ఓడుతూ, చినిగిన ముసుగు చేతిలో పట్టుకుని, మోకాలిలోతు అలల్లోంచి మరో తారావళి నడిచి వచ్చింది. “నా మొహం వేసుకుని ఎవరో రాజనౌక ఎక్కారని కావలివాళ్లు చెబితే ఈదుకుంటూ వచ్చాను. ఎవర్రా అది?”

కేతుమంతుడు ఆమెను చూశాడు. ఈమెను చూశాడు. మళ్లీ ఆమెను చూశాడు. ఏమనాలో తోచక ఇద్దరికీ నమస్కారం పెట్టాడు.

ఒకటే ముఖం. ఒకటే కంఠం. చిన్నప్పుడు యువరాజుని ఏనుగు ఎక్కించింది ఎవరని చండవిక్రముడు అడిగితే ఇద్దరూ ఒకేసారి చెప్పారు, ఎందుకంటే అడిగేవాడి మనసులో జవాబు ఉంటే దాన్ని చదవడం ధూమకంఠుడికి చిటికెలో పని. ఒక్కటే తేడా. పట్టుచీర తారావళికి ముక్కుకు కుడిపక్క పుట్టుమచ్చ ఉంది. తడిచీర తారావళికి ఎడమపక్క ఉంది.

“తేలిపోయింది!” అన్నాడు చండవిక్రముడు ఉత్సాహంగా. “యువరాజా, మీ అక్కగారికి మచ్చ ఏవైపు?”

కేతుమంతుడు నోరు తెరిచాడు. మైనపు ముఖంలో మచ్చ ఒకవైపు చూశాడు. మూసలో ఇంకోవైపు చూశాడు. ఇన్నాళ్లూ రెండింటినీ మార్చి మార్చి చూసి, పుట్టినప్పటి నుంచి ఎరిగిన అక్క మొహంలో మచ్చ ఏవైపో అతనికి గుర్తు లేకుండా పోయింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

“కుడి... కాదు. మీకు తెలుసుగా నాయకా, మీరు చెప్పండి!”

“యువరాణి మొహం తేరిపార చూసేంత ధైర్యం నాకెప్పుడుంది బాబూ? నేను పాదాలు చూసేవాణ్ని.”

అందరూ సానమ్మవైపు తిరిగారు. ఆమె తన కుడిచెంప ముట్టుకుంది. తర్వాత ఎడమచెంప ముట్టుకుంది. తర్వాత వీపు తిప్పి నిలబడి మళ్లీ కుడిచెంప ముట్టుకుంది.

“నన్నడక్కండి నాయనా. పుట్టినకాడ్నించీ మొహాల్ని లోపల్నించి చూసినదాన్ని. మా ఇంట్లో ఎవరికీ కుడి ఎడమలు లేవు. మా ఆయన జీవితమంతా చెప్పులు తారుమారుగా తొడిగాడు.”

చండవిక్రముడి ముఖం ఎర్రబడింది. “అయితే బింబం చూస్తేనే తేలుతుంది. బట్టీ పగలగొట్టండి! అబద్ధపు మనిషిని అదే నిప్పులో తోస్తాను.”

“పగలగొడితే బింబం చీలుతుంది!” అని అరిచింది సానమ్మ. “చీలితే ఈ ఇద్దరిలో ఎవరికీ సింహాసనం లేదు!”

“పగలగొట్టండి,” అంది పట్టుచీర తారావళి.

“పగలగొట్టండి, వీడి సంగతి తేలాలి,” అంది తడిచీర తారావళి.

కేతుమంతుడి బుర్ర తిరిగిపోయింది. ఇద్దరూ అదే మాట అన్నారు. తప్పు మనిషిని చూపిస్తే అక్క నిప్పుల్లో పడుతుంది. ఎవరినీ చూపించకపోతే బింబం పగులుతుంది. ఏం చెయ్యాలో తెలియక, చేతులు ఊరికే ఉండలేక, ఇద్దరి ముందూ అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు.

ఎడమకు నడిచాడు. తడిచీర తారావళి అతన్ని చూడటానికి మెడ తిప్పింది, తడిజుట్టు భుజం మీద జారింది. పట్టుచీర తారావళి కూడా అతనివైపే చూస్తోంది, కానీ ఆమె చెవిదుద్దులు కదల్లేదు. కుడికి నడిచాడు. దుద్దులు కదల్లేదు, మెడలో హారం కదల్లేదు. చూపు మాత్రం అతనితోనే వచ్చింది. కూర్చున్నాడు. చూపు కిందికి దిగింది. బట్టీ వెలిగించక ముందే మూస మీద వంగిన పచ్చని పొగ అప్పుడు గుర్తొచ్చింది.

“అక్కా,” అని ఆమె ముందు నిలబడ్డాడు. “నీ ముక్కు మీద సున్నం అంటింది.”

తుడవబోయినట్టు వేలు చాపాడు. వేలికి ముక్కు తగల్లేదు. వేలు లోపలికి పోయింది, ఆ వెనక చెయ్యి మణికట్టుదాకా పోయింది, చల్లని గరుకు పల్లంలోకి.

కేతుమంతుడు ఒక్క దూకున ఆమె వెనక్కి వెళ్లాడు. జడ లేదు. మెడ లేదు. ఇసుకా సున్నమూ కలిపి పూసిన మొద్దుగడ్డ, దాని చుట్టూ ఇనపతీగ. మాంత్రికుడు మూసలో చూసిందే తెచ్చుకున్నాడు. కళ్లు మోసపోయి, పల్లాన్ని మిట్ట అనుకుని, మచ్చను ఎదురువైపు పెట్టుకుని, పల్లాన్నే వేసుకుని వచ్చాడు!

“నాయకా, ఇదే మాంత్రికుడు! ఆ తడిచిన మనిషే మా అక్క!”

ఫెళ్లున ఆ ముఖం బద్దలైంది. లోపలినుంచి పచ్చని పొగ సుడిగాలిలా లేచింది, దాని నడుమ బూడిద గడ్డమూ గబ్బిలం గోళ్లూ కనిపించాయి. చండవిక్రముడు గొడ్డలి విసిరాడు. అది పొగలోంచి దూసుకుపోయి ఇసుకలో దిగబడింది. సుడి బట్టీని రాసుకుంటూ పోయింది, నోటికి మెత్తిన మట్టి పెచ్చులూడి పడింది, సముద్రపు చల్లగాలి ఆ కంతలోంచి బట్టీలోకి ఈలవేస్తూ దూరింది.

“ఒరే రంగా! మట్టి! మట్టి తే! గాలి తగిలితే చచ్చింది!” అని సానమ్మ గుండెలు బాదుకుంది.

అదే క్షణంలో తారావళి అరిచింది. పొగ ఆమె నడుము చుట్టూ చుట్టుకుని పైకెత్తుతోంది.

కేతుమంతుడు మట్టివైపు ఒక అడుగు వేశాడు. అక్కవైపు ఒక అడుగు వేశాడు. తర్వాత ఆలోచించడం మానేసి పరుగెత్తి, ఎగిరి, తారావళి చీలమండ పట్టుకున్నాడు. కాళ్లు నేలను వదిలాయి. ఇసుక, బట్టీ, రాజనౌక కింద చిన్నవవుతున్నాయి. సానమ్మ తడిమట్టి గంప తెచ్చుకునేంత వ్యవధి లేక, తన పైటచెంగు ముద్దచేసి కంతలో కుక్కి, చుర్రున కాలుతున్నా వీపు ఆనించింది.

అప్పుడు బట్టీలోంచి ఒక చప్పుడు వచ్చింది. టప్పుమని, ఒక్కటే.

“ఏమిట్రా అది?” అంది తారావళి పైనుంచి.

“మూస పైపూత చీలి ఉంటుందక్కా. పూత చీలినా గాజుకేం కాదని అవ్వ చెప్పింది.”

“లేకపోతే?”

“లేకపోతే గాజు.”

“ఏది?”

“తెలీదక్కా. చల్లారి తెరిచేదాకా ఎవరికీ తెలీదు.”

కింద చండవిక్రముడికి మాత్రం అంతసేపు ఆగే ఉద్దేశం లేదు. ఇసుకలోంచి గొడ్డలి ఊడబెరుక్కుని, ఏది పగిలిందో చూడటానికి బట్టీవైపు నడుస్తున్నాడు. సానమ్మ వీపు తీయకుండానే చేతులు అడ్డంగా చాపి అరుస్తోంది. గాలిలో ఆమె మాటలు వినిపించడం లేదు.

“ఒరే, దూకు!” అంది తారావళి. “ఇంకా అంత ఎత్తుకు పోలేదు. కింద నీళ్లే. మాంత్రికుడెవరో తేలిపోయింది, ఇక బట్టీ పగలగొట్టక్కర్లేదు. దూకి నాయకుణ్ని ఆపు. బింబం నిక్షేపంగా ఉంటే వాడి గొడ్డలితోనే పోతుంది. రాజ్యం పోతుందిరా!”

“నువ్వో?”

“నా తిప్పలు నేను పడతాను. దూకమన్నానా! ఇది రాణి ఆజ్ఞ!”

ఆమె పెదవి ఎలా పెట్టి ఉంటుందో చూడకుండానే తెలిసింది కేతుమంతుడికి. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

“నువ్వింకా రాణివి కాలేదుగా,” అన్నాడు. రెండో చెయ్యి కూడా ఎత్తి ఆమె కాలు గట్టిగా పట్టుకున్నాడు.

కింద గొడ్డలి పైకి లేచింది.